కెమెరాకు స్టాండు కొనబోవు సోదరీమణులకు

కార్తిక మాసము ముగిసిన మఱునాడు, పోలిపాడ్యమి తెల్లవారుజామున, రాజమహేంద్రవరములో గోదావరి మెట్లపై నిలుచుండి చూచినవారికి ఆ దృశ్యమును వర్ణించి చెప్పనక్కఱలేదు. అరటి దొప్పలలో వత్తులు వెలిగించి స్త్రీలు నీట విడుచుచుందురు. ఇంకను చీకటి వీడదు. ముఖములపై దీపపు వెలుగు తప్ప వేఱు వెలుగుండదు. మూడేండ్ల క్రిందట మా అత్తగారు తమ డెబ్బదియెనిమిదవ యేట ఆ మెట్లు దిగి, స్వహస్తముతో దీపమును విడిచి, తలయెత్తి మావంక చూచి నవ్విరి. ఆ నవ్వును మేము కెమెరాతో పట్టితిమనుకొంటిమి. ఇంటికి వచ్చి కంప్యూటరు తెరపై పెద్దదిగా చేసి చూడగా, దీపములన్నియు వానపాములవలె మెలికలు తిరిగియున్నవి. అత్తగారి ముఖము పలుచని పొగవలె నున్నది. మఱుసటి యేడు ఆమె మోకాళ్లు ఆమెను మెట్లు దిగనీయలేదు.

చేయి వణకుటచేత ఫోటో చెడినదనియు, చేతికి బదులు స్టాండున్నచో చెడకుండెడిదనియు మాకు తోచినది. ఆ వారమే అంగడికి పోయితిమి. అంగడివారు చూపిన వానిలో అన్నిటికంటె పొడవైనది, అన్నిటికంటె తేలికయైనది, అన్నిటికంటె చవుకయైనది ఒక్కటియే యగుటచే మాకు మహదానందమైనది. ఈ మూడు గుణములును ఒక్కచోట చేరినప్పుడు నాలుగవదియగు గట్టితనము అందుండదని అప్పుడెఱుగమైతిమి. సాయంకాలము డాబాపై దానిని పూర్తిగా సాగదీసి కెమెరా నెక్కించితిమి. గోదావరి గాలి కొంచెము వీచినంతనే నడుమ కడ్డీ ఊగసాగెను. అంతలో మా చీర కుచ్చెళ్లొక కాలికి తగులుకొనెను. మా మఱది పక్కనే నిలిచి చేతులు చాపియుండుటచే కెమెరా నేల పాలు కాలేదు.

అంగడికి పోకముందు మేము చేయవలసిన పని యొకటి యుండెను. దానిని తరువాత చేసితిమి. చెడిపోయిన ఫోటోలను తుడిచివేయక ఒక్కచోట నుంచి, ఎందుచేత చెడినవో వేఱుపఱచి చూచుటయే ఆ పని. దీనికి శాస్త్రపాండిత్యమక్కఱలేదు. ఫోటోలో స్తంభము, దీపము, మనిషి అన్నియు ఒకే దిక్కునకు అలికినట్లున్నచో కదలినది మన చేయి. స్తంభము చక్కగానుండి పిల్లవాడు మాత్రము అలికినట్లున్నచో కదలినది పిల్లవాడు. ముఖము మసకగానుండి దాని వెనుకనున్న పూలకుండి చక్కగా నున్నచో ఎవరును కదలలేదు. కెమెరా దృష్టి తప్పుచోట నిలిచినది. స్టాండు మొదటి రోగమునకు మాత్రమే మందు. మా యింటి చెడిన ఫోటోలు నలువదింటిని ఇట్లు పరీక్షింపగా, సగమునకు పైగా పిల్లల పరుగులచేత చెడినవే. ఎంత గొప్ప స్టాండు కొన్నను అవి బాగుపడెడివి కావు.

చీకటిలో చేయి ఏల చాలదో కొంచెము వివరింతుము. కెమెరా తన కన్ను తెఱచి మూయునంతలో లోపల పడిన వెలుగే చిత్రము. పగటి యెండలో 1/500 సెకండు తెఱచిన చాలును. దీపపు వెలుగున 1/6 సెకండు తెఱచియుంచవలసివచ్చును. చేతితో పట్టి తీయునపుడు కటకమునకు ఎన్ని మిల్లీమీటర్ల సంఖ్య యున్నదో సెకండులో అన్నవ వంతు కంటె ఎక్కువ సేపు తెఱచియుంచరాదని ఫోటోగ్రాఫర్ల పాత లెక్క. 50 మిల్లీమీటర్ల కటకమునకు 1/50, 200 మిల్లీమీటర్లకు 1/200. నేటి కెమెరాలలోను కటకములలోను వణకును సర్దు యంత్రములున్నందున ఈ లెక్క కొంత సడలినది. అయినను ఆ యంత్రము మన చేతి వణకునే సర్దగలదు గాని, ఎదుటి మనిషి కదలికను సర్దజాలదు.

కాబట్టి పిల్లలను, నాట్యమును, పెండ్లి సందడిని తీయువారు స్టాండు కంటె ముందు వెలుగెక్కువగా గ్రహించు కటకము కొనుట మేలు. కెమెరాతోపాటు వచ్చు మామూలు జూమ్ కటకము కొసకు లాగినప్పుడు దాని రంధ్రము సాధారణముగా ఎఫ్ 5.6 దగ్గఱ నుండును. అంగళ్లలో 50 మిల్లీమీటర్ల ఎఫ్ 1.8 కటకమొకటి దొరకును. ఆయా కంపెనీల కటకములలో చవుకయైన వానిలో ఇదియు నొకటి. ఈ రెండింటి నడుమ వెలుగులో భేదము తొమ్మిది, పది రెట్లు. అనగా అచ్చట 1/6 సెకండు పట్టినది ఇచ్చట 1/60 సెకండులో ముగియును. అంత త్వరగా మూసినచో, మందముగ కదలు పిల్లలును చిత్రమున నిలుతురు. పరుగెత్తువారికి అదియు చాలదనుకొనుడు.

ముగ్గులు, వంటకములు, కొలువు బొమ్మలు, సంధ్యవేళ గుడి గోపురము, కూర్చున్న పెద్దలు: వీనిని తీయువారికి మాత్రము స్టాండును మించిన సామాను లేదు. ట్రైపాడ్ అని అంగళ్లలో అడుగుడు.

మొదట ఎత్తు సంగతి. ఆఱడుగుల స్టాండు గొప్పదని అంగడివారు చెప్పుదురు. అయిదడుగుల రెండంగుళముల స్త్రీకి కన్ను నేలనుండి సుమారు నాలుగడుగుల పదియంగుళముల యెత్తున నుండును. స్టాండు తల నాలుగంగుళములు, దానిపై కెమెరాలో కన్ను పెట్టుచోటు మఱి నాలుగంగుళములు తీసివేయగా, కాళ్లు నాలుగడుగుల రెండంగుళములున్న చాలును. మెట్లపైన, వాలు నేలపైన ఒక కాలు క్రిందికి దిగవలెను గనుక ఇంకొక అరయడుగు కలుపుకొనుడు. అంతకు మించిన పొడవునకు రూకలు పోయుట వ్యర్థము. ఈ యెత్తు నడుమ కడ్డీని పైకి లాగకయే రావలెననునది ముఖ్యము. నడుమ కడ్డీని లాగిన మఱుక్షణమే మూడు కాళ్ల స్టాండు ఒంటికాలి స్టాండగును. మా మొదటి స్టాండు ఊగినదందులకే.

రెండవది కాళ్ల గట్టితనము. ఒక్కొక్క కాలు మూడు లేక నాలుగు గొట్టములు ఒకదానిలో నొకటి దూరునట్లుండును, అయిదున్నవియు కలవు. గొట్టములెక్కువైనకొలది ముడిచినప్పుడు పొట్టియై సంచిలో నిముడును గాని, కడపటి గొట్టము పుల్లవలె సన్ననగును. ఇంటనే వాడువారికి మూడు గొట్టములవి మేలు. బస్సులలోను రైళ్లలోను తిరుగువారు నాలుగింటితో సరిపెట్టుకొనవచ్చును. కాళ్లను బిగించుటకు కొన్నిటికి మీటలు, కొన్నిటికి త్రిప్పు మరలు ఉండును. మీట బిగిసినదో లేదో కంటికే కనబడును. త్రిప్పు మర సగము బిగిసియు బిగిసినట్లే కనబడి, బరువు పడినపుడు జాఱును. క్రొత్తవారికి మీటలే మంచివని మా యభిప్రాయము. అనుభవజ్ఞులు కొందఱిందుకు సమ్మతింపరు.

అల్యూమినియమా, కార్బన్ ఫైబరా యను చర్చ చాల వినబడుచుండును. కార్బన్‌ది తేలిక, వణకు త్వరగా అణగును, వెల మిక్కిలి యెక్కువ. కొండలెక్కువారికి ఆ తేలికతనము విలువైనదే. వీధి గదినుండి పెరటికి మోయువారికి అల్యూమినియము చాలును. మిగిలిన రూకలతో పైని చెప్పిన కటకము వచ్చును.

స్టాండు ఇన్ని కిలోల బరువు మోయునని పెట్టెపై వ్రాసియుందురు. అన్ని కంపెనీలును ఒకే విధముగ పరీక్షించి వ్రాయు సంఖ్య కాదది. మన కెమెరాయు కటకమును కలిసి ఒక కిలో యున్నచో, మూడు కిలోలని వ్రాసినదానికి తక్కువది తీసికొనరాదు. ఇంతకంటె నమ్మదగినది మన పరీక్షయే. కెమెరాను వెంట తీసికొనిపొండు. స్టాండును పూర్తిగా సాగదీయించి, తలపై అఱచేతితో నొక్కుడు. కాలు జాఱినచో అచ్చటనే విడిచిపెట్టుడు. తరువాత కెమెరా నెక్కించి, దూరముగ నున్న యొక బోర్డుపై అక్షరమును తెరమీద పదిరెట్లు పెద్దదిగా చేసి చూచుచు, ఒక కాలిని వ్రేలితో మెల్లగా మీటుడు. అక్షరము వణకి మరల నిలుచుటకు ఎంతసేపు పట్టునో లెక్కింపుడు. రెండు మూడు స్టాండులను ఇట్లు చూచిన తరువాత ఏది మంచిదో ఎవరిని అడుగవలసిన పనిలేదు. మేమిట్లు మీటుచుండగా అంగడిలోని యువకుడొకడు నవ్వి, "ఇంటిలో ఆడవాళ్లకు ఇంత పరీక్షెందుకండీ, సెల్ఫోనుకు సరిపోయేది తీసుకోండి" అనెను. 1913లో నవసారిలో పుట్టిన హోమై వ్యారావాలాగారు చీరకట్టుతోనే బరువైన స్పీడ్ గ్రాఫిక్ కెమెరాను మోసికొని తిరిగి, స్వాతంత్ర్యకాలపు ఢిల్లీని ఫోటోలు తీసిరి; 2011లో పద్మవిభూషణ బిరుదము పొందిరి. ఆమె పేరు చెప్పితిమి. అతడు వినినట్లు లేదు. మీటుట మాత్రము మేము మానలేదు.

స్టాండు తలలు రెండు జాతులు. బంతివంటి తల ఒక్క మరను సడలించినంతనే ఎటుకావలసిన అటు తిరుగును. త్వరగా పనిచేయువారికి తగినది. అయితే చిన్న బంతిపై బరువైన కెమెరా పెట్టినచో, బిగించిన పిమ్మట కూడ కొంచెము వ్రాలును. మూడు పిడుల తల పైకి క్రిందికి, ప్రక్కలకు, వాలుగా వేఱువేఱుగ తిరుగును. నిదానమే కాని, ముగ్గును గాని వెండి సామానును గాని సరిగా చట్రములో కూర్చుటకు అది సుఖము. ఏ తలయైనను కెమెరా అడుగున బిగించు చిన్న పలక యొకటి వచ్చును. ఆ పలక పోయినచో స్టాండంతయు నిరుపయోగము. ఆర్కా రకపు పలకలు అనేక కంపెనీల తలలకు సరిపోవును గనుక ఆ రకమునే కొని, రెండవ పలకను సంచిలో వేసికొనుడు. దానిపై మర అంగుళములో నాలుగవ వంతు మందముండును. ఫోనును పట్టు క్లిప్పులకును అదే కొలత. కాబట్టి ఒకే స్టాండు కెమెరాకును ఫోనుకును పనికివచ్చును. నేటి ఫోనులు కొన్ని తాము కదలకయున్నట్లు గ్రహించి, రాత్రివేళ వెలుగును మఱింత సేపు కూర్చుకొనును.

నిలబెట్టుటలోను ఒక పద్ధతి కలదు. మూడు కాళ్లలో ఒకటి కటకము క్రిందుగా ముందుకు చాచి, రెండింటిని మన ప్రక్కకు పెట్టవలెను. నడుమ మనము నిలుచుండుటకు చోటుండును, కుచ్చెళ్లును తగులుకొనవు. వాలు నేలపై రెండు కాళ్లు పల్లమువైపు నుండవలెను. పైగొట్టములు లావు గనుక ముందు వానినే సాగదీసి, అవసరమైనప్పుడే క్రింది సన్నపు గొట్టములను లాగుడు. నడుమ కొక్కెమున్నచో బరువు సంచి తగిలింపుడు. సంచి గాలికి ఊగక నేలను తాకుచుండవలెను. ఇంత చేసియు మీటను వ్రేలితో నొక్కినచో ఆ నొక్కుడే కెమెరాను కదలించును. అందువలన రెండు సెకండుల టైమరు పెట్టి చేతులు తీసివేయుడు. వణకు సర్దు యంత్రమును స్టాండుపై ఆపివేయుట మంచిది; కొన్ని పాత కటకములు లేని వణకును వెదకి తామే వణకును.

ఈ యేర్పాట్లన్నియు కెమెరాను నిలుపును గాని మనిషిని నిలుపజాలవు. కలకత్తాలో పుట్టిన జూలియా మార్గరెట్ కామెరాన్ అను నామె 1863లో, నలువదియెనిమిదవ యేట, కుమార్తె యిచ్చిన కెమెరాతో ఈ విద్య ప్రారంభించెను. ఆమె యెదుట కూర్చున్నవారు నిమిషముల తరబడి కదలకుండవలసియుండెడిది. ఆ కాలపు స్టూడియోలలో తల వెనుక కనబడకుండ ఇనుప పట్టు నొకదానిని నిలిపెడివారు. మన ప్రాంతమున రాజా దీనదయాళుగారు 1892లో హైదరాబాదునందు ఘోషా స్త్రీలకై జనానా స్టూడియో తెఱచి, ఒక ఆంగ్ల వనిత పర్యవేక్షణమున నడపించిరి.

ఇనుప పట్టు సంగతి మాకు పనికివచ్చెను. అత్తగారు మెట్లు దిగలేని ఆ యేడు, మేము పరీక్షించి కొన్న రెండవ స్టాండుతో, పోలిపాడ్యమినాడు ఇంటనే ఫోటో తీయ నిశ్చయించితిమి. తులసికోట యెదుట అరుగుపై ఆమెను కూర్చుండబెట్టి, వీపును తలను స్తంభమున కానించుమంటిమి. ఒడిలో నీళ్ల పళ్లెరము, అందులో అరటిదొప్ప దీపము. ఎదుట తెల్లని పంచె నొకదానిని దండెముపై ఆరవేసితిమి. దీపపు వెలుగు దానిపై పడి తిరిగి ఆమె ముఖముపై కొంచెము వ్రాలెను. 1/4 సెకండు చొప్పున పండ్రెండు తీసితిమి. తీయునప్పుడెల్ల ఊపిరి బిగబట్టుమని చెప్పుచుంటిమి. పదునొకండవసారి ఆమెకు విసుగెత్తి, "అయిందా అమ్మా? ఊపిరి వదలొచ్చా, ప్రాణం కూడా వదలాలా?" అని నవ్విరి. అప్పుడే కెమెరా మూసికొన్నది. ఆ ఫోటోలో పెదవులు కొంచెము కదలినవి. కన్నులు, దీపము, స్తంభపు నగిషీ అన్నియు నిలిచినవి. కదలని ఫోటోలు మఱి మూడు వచ్చినను గోడకు కట్టినది దీనినే.

స్టాండు తీసికొనిపోరాని చోట్లు కలవు. పోలిపాడ్యమినాటి మెట్లే అట్టివి. ఆ త్రొక్కిడిలో మూడు కాళ్లు చాచుట ఇతరులకు అపాయము. గోలకొండ, లేపాక్షి, రామప్ప మొదలగు కేంద్ర పురావస్తు శాఖ వారి స్థలములలో స్టాండు నిలుపుటకు ముందుగా అనుమతి పొందవలెను. ఇట్టి చోట్లకు మేము గింజల సంచి నొకదానిని కుట్టుకొంటిమి. మందమైన ఖద్దరు గుడ్డను ఎనిమిదంగుళముల పొడవు, ఆఱంగుళముల వెడల్పు సంచిగా రెండు వరుసల కుట్టు వేసి, ముప్పాతిక వంతు మాత్రము పెసలు పోసి మూతి కుట్టవలెను. నిండుగా పోసినచో బంతివలె దొరలును. పిట్టగోడపైనను కిటికీపైనను దీనినుంచి కెమెరాను అందులో నొక్కి కూర్చినచో గూటిలో గ్రుడ్డువలె నిలుచును. గింజలు పురుగు పట్టకుండ ఎండిన వేపాకు నాలుగు రెమ్మలు వేయుడు; ఆరు నెలలకొకసారి మార్చుడు. మేము వేలు పోసి కొన్న సామానుల కంటె దీనిని వాడిన దినములే యెక్కువ.

మిగిలిన సామానులను గూర్చి ఎక్కువ చెప్పవలసినది లేదు. రెండవ బ్యాటరీ, రెండవ మెమరీ కార్డు తప్పక యుండవలెను. కటకమును పైటకొంగుతో తుడువరాదు. ధూళిని రబ్బరు బుడ్డితో ఊది, తరువాత మెత్తని కటకపు గుడ్డతో తుడువుడు. కాకినాడ, విశాఖపట్టణమువంటి సముద్రపు తేమగల ఊళ్లలో కటకములకు బూజు పట్టును. తోలు సంచిలో నుంచినచో మఱింత త్వరగా పట్టును. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లములతో నుంచుడు. తేమ పీల్చినవి రంగు మారునట్టి గింజలు దొరకును. వానిని వేడిచేసి మరల వాడవచ్చును. చీరల పెట్టెలో నుంచుదము గదా యని కొందఱనుకొందురు. అందలి కలరా ఉండలును కర్పూరమును కెమెరాకు పనికిరావు.

నదీతీరమునుండి వచ్చిన దినమున స్టాండు కాళ్లను మంచినీట కడిగి, గొట్టములను సాగదీసి నీడను ఆరనిండు. ఇసుక రేణువొక్కటి మీటలో చిక్కినను కఱకఱలాడి గొట్టమును గీచును.

మా మొదటి స్టాండు ఏమైనదని అడుగుదురేమో. దానిని అత్తగారు పెరటిలో నిలిపించి చిక్కుడు పాదు నెక్కించిరి. గాలికి ఇప్పటికిని ఊగుచునే యున్నది గాని, కాయలు బాగుగానే కాయుచున్నవి.